పదహారు వారాల పూలు

సెప్టెంబరు ఇరవైనాలుగు శనివారం నాడు విద్య నలభై ఎనిమిది హయసింత్ పూల గడ్డల్ని కాగితం సంచిలో పోసి గరాజులో ఉన్న ఫ్రిజ్‌లో పెట్టింది. మూడు నెలలు చలి తగిలితే గాని అవి పుయ్యవు. ఆ రోజు నుంచి క్రిస్మస్ ముందురోజు దాకా, అంటే సరిగ్గా పదమూడు వారాలు, ఆ ఫ్రిజ్‌లోకి పండన్నది పోలేదు. ఆపిల్ గాని అరటిపండు గాని పక్కనుంటే ఆ గాలికి గడ్డ లోపలి మొగ్గ చచ్చిపోతుంది. పైకి గడ్డ నిక్షేపంలా ఉంటుంది. తీరా నాటాక ఆకులొస్తాయి, పువ్వు రాదు. వంటింటి ఫ్రిజ్‌లో పండ్లు పెట్టుకోవచ్చు గదా అని కూతురు అనిక అడిగితే, "నువ్వు సగం కొరికిన ఆపిల్ ఎక్కడ పెట్టి మర్చిపోతావో నాకు తెలీదూ!" అని విద్య అసలు ఇంటికి ఆపిల్ తేవడమే మానేసింది.

సంచి మీద నల్ల మార్కర్‌తో 'ఉల్లి కాదు' అని రాసి ఉంటుంది. రాసింది ఆమె భర్త శ్రీధర్. గడ్డల సంగతి తెలియని మొదటేడు ఒకదాన్ని పెసరట్టులోకి తరిగి, సాయంత్రం దాకా చేతులు గోక్కుంటూ కూచుని, మర్నాడు తనే రాశాడు. ఆ సంచినే విద్య ఏటా వాడుతోంది. శ్రీధర్ పోయి ఇరవై రెండు నెలలైంది.

ఈసారి ఇన్ని గడ్డలు పెట్టింది గోదాదేవి కల్యాణం కోసం. రూట్ 59 రోడ్డు పక్కన ఒకప్పుడు కార్పెట్లు అమ్మిన షెడ్డును అరోరా, నేపర్‌విల్ ఊళ్ళ తెలుగువాళ్ళు కలిసి గుడి చేసుకున్నారు. అక్కడ భోగినాడు కల్యాణం చేస్తారు. జనవరి చలిలో పూలెక్కడివి? కొట్లో దొరికే గులాబీలకు రంగే గాని వాసన ఉండదు. "అమ్మవారికి వాసన లేని పూలేమిటి విద్యా! నువ్వు బేస్‌మెంట్‌లో పూయిస్తావు చూడు, అవి కావాలి. ఆ వైట్‌వీ, పింక్‌వీ," అని సెప్టెంబరులో వసంతలక్ష్మి చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. గుడి ఆడవాళ్ళ కమిటీకి ఆవిడే పెద్ద. పోయినేడు సూతకమని విద్య గుడి గుమ్మం తొక్కలేదు. మళ్ళీ నలుగురిలోకి వెళ్ళడానికి చేతిలో ఒక పని దొరికిందని ఆమె ఎంత సంతోషించిందో ఆ నలభై ఎనిమిది గడ్డల్నీ చూస్తే తెలుస్తుంది. అడిగిన పూలకి మహా అయితే పాతిక గడ్డలు సరిపోతాయి.

కల్యాణం శనివారం. మంగళవారం మధ్యాహ్నం ఆస్పత్రి ల్యాబ్‌లో డ్యూటీ దిగి రాగానే విద్య కోటు కూడా విప్పకుండా బేస్‌మెంట్‌లోకి దిగింది. గొలుసులకు వేలాడే ట్యూబ్‌లైట్ల కింద నాలుగు అరల నిండా కుండీలు. ఒక మూల కరివేపాకు మొక్క చలికి అలిగి ఆకంతా రాల్చేసి నిలబడింది. దాని పక్కన రెండు మల్లె కుండీలు, ఎర్రగా విచ్చిన అమరిల్లిస్ ఒకటి. మిగతావన్నీ హయసింత్‌లే. మట్టిలోంచి లేచిన ఆకుల మధ్య మొగ్గ గుత్తులు మొక్కజొన్న పొత్తుల్లా బిగుసుకుని ఉన్నాయి. తెల్లవాటికి ఆకుపచ్చ వదిలి తెలుపు తిరుగుతోంది. పింకువి ఇంకా బద్ధకిస్తున్నాయి.

ఇక్కడే ఉంది కిటుకంతా. పూయించడం గొప్ప కాదు, అన్నింటినీ ఒకే రోజుకి పూయించడం గొప్ప. తొందరపడే వాటిని రాత్రికి గరాజులోకి మార్చి చల్లబరచాలి. వెనకబడిన వాటిని నీళ్ళు కాగే ట్యాంకు పక్కకి జరిపి వెచ్చబెట్టాలి. విద్య ఒక్కొక్క గుత్తినీ బొటనవేలితో నొక్కి చూసి, తెల్ల కుండీలు రెండేసి చంకన పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆరోసారి ఎక్కుతుండగా ఫోను మోగింది. వసంతలక్ష్మి.

"పూలెలా ఉన్నాయమ్మా?"

"బాగున్నాయక్కా. తెల్లవి కాస్త తొందరపడుతున్నాయి, గరాజులో పెడుతున్నా. శుక్రవారానికి అన్నీ సర్దుకుంటాయి."

"నీ చేతిలో ఏముందో గాని! ఇక్కడ ప్లేట్లు కూడా ఫైనలైజ్ చేసేశాం. సారె పళ్ళాలు తొమ్మిది. చీర నేను పట్టుకుంటున్నా. పూల పళ్ళెం అనికకి ఇద్దామనుకున్నాం. కన్నెపిల్ల కదా, ముచ్చటగా ఉంటుంది. లంగావోణీ వెయ్యి. మావారు వచ్చి దాన్నీ పూలనీ పికప్ చేసుకుంటారు."

"ఆయనకెందుకక్కా శ్రమ. నేను ఎలాగూ వస్తున్నాగా, తీసుకొస్తా."

అవతలి గొంతులో తియ్యదనం ఒక పాలు పెరిగింది.

"ఈ వెదర్‌లో నువ్వెందుకమ్మా? గురువారం సిక్స్ ఇంచెస్ స్నో అంటున్నారు. పొద్దున్నే డ్యూటీలు చేసి అలిసిపోయి ఉంటావు. ప్రసాదం అనికతో పంపిస్తాలే. పోనీ రావాలనిపిస్తే అంతా అయ్యాక నిదానంగా భోజనాల టైమ్‌కి రా. వెనక వేడిగా ఉంటుంది, హీటర్ దగ్గర కుర్చీ వేయిస్తా."

తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఓ మాట అనొచ్చు. ఇంత ప్రేమగా గెంటేస్తే మనిషి ఏమనాలి? విద్య "సరే అక్కా" అంది. అన్నాక ఆ సరే ఎందుకన్నానా అని తన మీద తనకే ఒళ్ళు మండింది. చంకలో ఉన్న కుండీలు ఎక్కడ పెట్టాలో తోచక గరాజులో అటూ ఇటూ తిరిగి, మళ్ళీ బేస్‌మెంట్‌లోకే తెచ్చి పెట్టింది.

డిసెంబరంతా మొహం చాటేసిన మంచు గురువారం నాడు కురిసింది. విద్య తెల్లవారుజామున నాలుగున్నరకి కారు మీద మంచు గీక్కుని ఎప్పట్లాగే ల్యాబ్‌కి వెళ్ళింది, ఎప్పట్లాగే వచ్చింది. ఈ వెదర్‌లో నువ్వెందుకమ్మా అని ఆస్పత్రిలో ఎవరూ అనలేదు.

మధ్యాహ్నానికి అనిక బడి నుంచి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. వచ్చీ రాగానే ఇల్లంతా ముక్కెగరేసి వాసన చూసింది. తెల్లవి విచ్చడం మొదలయ్యాయి. బేస్‌మెంట్ తలుపు సందులోంచి వాసన మెట్లెక్కి హాల్లోకి వచ్చేసింది.

"వసంత ఆంటీ నాకు టెక్స్ట్ చేసింది. నేను పూలు తీస్కెళ్ళాలట. నువ్వు రావట. వై?"

"చలి కదా."

"అమ్మా. నువ్వు ఎవ్రీ డే ఫోర్ థర్టీకి డ్రైవ్ చేస్తావు."

విద్య నీళ్ళ డబ్బా తీసుకుని మెట్లు దిగింది. పిల్ల వెనకే దిగింది. మూడు కుండీలకు నీళ్ళు పోసేదాకా ఊరుకుని, నాలుగో దాని దగ్గర అడిగింది.

"నాన్న చచ్చిపోయాడు కాబట్టా?"

ఆ ప్రశ్నకు విద్య చెయ్యి ఆగింది. ఈ పిల్లకి తెలుగు సరిగ్గా రాదు. రాకపోవడం వల్ల మాటని అటూ ఇటూ తిప్పడం కూడా రాదు.

"అవును," అంది. "అలాంటి పళ్ళాలు భర్త ఉన్నవాళ్ళే పట్టుకోవాలంటారు. పెళ్ళి కాని పిల్లలు పట్టుకోవచ్చు. నాలాంటి వాళ్ళు ఎదురు రాకూడదు."

"బట్ పూలు నువ్వు చేసినవి ఓకేనా? దట్స్ సో మెస్డ్ అప్! ఐతే ఇవ్వొద్దు. మొత్తం కట్ చేసి స్నోలో పడేద్దాం. లెట్ దెమ్ బై రోజెస్."

ఆ మాట విద్యకు ఎంత నచ్చిందంటే, ఒక నిమిషం పాటు నిజంగానే పెరట్లో జానెడు లోతు మంచు మీద తెల్లవీ పింకువీ గుట్టగా పడున్నట్టు కళ్ళకు కట్టింది. తర్వాత చేతికింద ఉన్న గుత్తిని చూసింది. అడుగు వరసలో నాలుగైదు పూలు రేకులు వెనక్కి విరుచుకుని విచ్చాయి. పదహారు వారాలు కనిపెట్టుకుని పెంచినవి.

"పూలేం చేశాయే!" అంది.

"హౌ కుడ్ దే, అమ్మా? అసలు ఎలా చేస్తారు అలా?"

దీనికి జవాబు విద్య నోటిదాకా వచ్చి ఆగింది. ఎలా చేస్తారో ఆమెకు తెలుసు. చేసింది గనకే తెలుసు. రెండేళ్ళ కిందట, అదే హాల్లో, అదే కల్యాణంలో, పూల బుట్ట ఆమె చేతిలోనే ఉంది. వరసగా కుర్చీల్లో కూచున్న ఆడవాళ్ళకి తలా ఒక మూర ఇచ్చుకుంటూ వెళ్ళింది. చివరి కుర్చీలో వసంతలక్ష్మి వాళ్ళమ్మ మాణిక్యమ్మ, భర్త లేని మనిషి. ఆ కుర్చీ రాగానే చెయ్యి దానంతటదే దాటిపోయింది. పగా లేదు, పట్టింపూ లేదు. అలవాటు.

"నేనూ చేశాను," అంది విద్య. "వసంత ఆంటీ వాళ్ళమ్మగారికి. పూలు అందరికీ ఇచ్చి ఆవిడకి ఇవ్వలేదు."

అనిక కాసేపు తల్లిని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఆవిడ ఏమంది?"

"ఏమీ అనలేదు. చెయ్యి సగం చాచింది. నేను దాటిపోగానే, చీర సర్దుకోడానికి చాచినట్టు మోకాలి మీద సర్దుకుంది."

చెప్పింది గాని, చెప్పాక సిగ్గుతో విద్య చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి ఆమెకు గుర్తుకు రాలేదు. వసంతలక్ష్మి ఫోను చేసిన మంగళవారం నుంచి అదే కళ్ళముందు ఆడుతోంది. వెనక్కి తిరిగి పిల్లతో, "ఆ పింకు కుండీలు ఇలా అందుకో, వెచ్చబెట్టాలి. రెండు రోజులే ఉంది," అంది.

శుక్రవారం సెలవు పెట్టింది. పొద్దున్నుంచీ కోయడమే. గుత్తి మొదలు దగ్గర కత్తెరతో కోసి, పూలని ఒక్కొక్కటే తుంచి తడిగుడ్డ మీద పరిచింది. నలభై ఎనిమిదిలో మూడు మొండికేశాయి, నలభై అయిదు పూశాయి. గుత్తికి ముప్ఫై పూలు తక్కువ కాకుండా ఉన్నాయి. హయసింత్ పువ్వుకి కాడ పొట్టి. మల్లెపువ్వులా కడితే జారిపోతుంది. రెండు పూలని తల కిందులుగా ఎదురెదురు పెట్టి, దారం రెండు చుట్లు తిప్పి ముడి బిగించాలి. మరీ బిగిస్తే కాడ తెగుతుంది. ఆ బిగువు వేళ్ళకే తెలియాలి. రెండు తెలుపు, ఒక పింకు, మళ్ళీ రెండు తెలుపు. సాయంత్రానికి రెండు పెద్ద దండలూ, పంచడానికి మూరలుగా తెంపిన మాల బోలెడూ తయారయ్యాయి. బొటనవేలు చివర దారం కోసిన గీత ఎర్రగా పడింది.

అయిదింటికి గంట మోగింది. తలుపు తీస్తే వసంతలక్ష్మి. చేతిలో పిక్నిక్‌లకి తీసుకెళ్ళే ఐస్ డబ్బా ఉంది.

"మావారు డ్రైవ్‌వే షవల్ చేస్తున్నారు, నేనే వచ్చేశా. రేపు హడావిడి ఎందుకు, ఇవాళే తీసుకెళ్దామనీ." మంచు బూట్లు విప్పి లోపలికొచ్చి, వంటింటి బల్ల చూసి చెంపలు నొక్కుకుంది. "అమ్మో! అమ్మో! ఎన్ని కట్టావే! గుమ్మంలోకే వాసన కొట్టింది. కల్యాణానికి కళ వచ్చిందంటే నీ వల్లే సుమా!"

ఆ మెచ్చుకోలులో అబద్ధం లేదు. అదే విద్యను ఇంకా మండించింది. వసంతలక్ష్మి ఐస్ డబ్బా మూత తీసి దండ మీద చెయ్యి వేయబోయింది. విద్య తడిగుడ్డ లాగి దండ మీద కప్పింది.

"పూలు రేపు నేను తెస్తానక్కా. పళ్ళెం కూడా నేనే పట్టుకుంటాను."

వసంతలక్ష్మి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. "అనికకి అనుకున్నాం కదమ్మా."

"అనిక నా పక్కన నడుస్తుంది. పెంచింది నేను, కట్టింది నేను. మోసేది కూడా నేనే."

కుర్చీ లాక్కుని కూచుంది వసంతలక్ష్మి. గొంతు తగ్గించింది, వంటింట్లో ఇంకెవరూ లేకపోయినా.

"చూడు విద్యా, నాకు ఇలాంటి పట్టింపులు ఉన్నాయా? ముప్ఫై ఏళ్ళు ఈ దేశంలో ఉన్నదాన్ని. మా అమ్మ ఉంది. పాతకాలం మనిషి, ఎనభై మూడేళ్ళు. ఆవిడ ఎదురుగా నువ్వు పళ్ళెం పట్టుకుంటే కష్టపెట్టుకుంటుంది. పెద్దావిణ్ణి ఈ వయసులో బాధపెట్టడం ఎందుకు, చెప్పు?"

"అమ్మగారు అలా అన్నారా?"

"అనాలా ఏంటి? కన్నకూతుర్ని, నాకు తెలీదూ?"

విద్య దండ మీది తడిగుడ్డ అంచు సర్దింది. నిజంగానే ఆవిడ బాధపడితే? ఒకసారి చేసింది చాలక రెండోసారి కూడా తనే ఆ మనిషి మనసు కష్టపెడితే? ఒక్క క్షణం ఆ ఐస్ డబ్బాలో దండలు పెట్టేసి చేతులు దులుపుకుందామా అనిపించింది. కాని ఈ పూట వదిలేస్తే ఇక ఎప్పటికీ హీటర్ పక్క కుర్చీయే తన చోటని ఆమెకు తెలిసిపోయింది. నలభై నాలుగేళ్ళకే. ఇంకా ఎన్నేళ్ళు అలా కూచోవాలి?

"పూలూ నేనూ కలిసే వస్తామక్కా," అంది. "పూలు కావాలి, నేను వద్దు అంటే కుదరదు. రెండూ వద్దంటే ఇప్పుడే చెప్పండి. కొట్టు తొమ్మిదింటి దాకా తెరిచే ఉంటుంది, గులాబీలు దొరుకుతాయి."

వసంతలక్ష్మి మొహం గంటు పెట్టుకుని లేచింది. ఖాళీ డబ్బా మూత పెట్టి, బూట్లలో కాళ్ళు దూర్చుకుంటూ, "నీ మంచికే చెప్తున్నా. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు," అంది.

"అనుకోనీండి. మెట్ల మీద ఐస్ ఉంది, చూసి దిగండక్కా," అంది విద్య.

శనివారం మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుంది. జడ అల్లుకుని, అద్దం ముందు మూరెడు మాల పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఇరవై రెండు నెలల్లో ఒక్కసారి కూడా పువ్వు పెట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, పెట్టుకోమనీ ఎవరూ అనలేదు. అనిక వచ్చి చేతిలోంచి మాల తీసుకుని, రెండు పిన్నులు పళ్ళతో తెరిచి, తలలో తురిమింది.

"నాన్నకి ఈ స్మెల్ ఇష్టం," అంది పిల్ల.

"ఇష్టమా! ఉల్లిపాయకింత సెంటా అనేవాడు." నవ్వబోయి విద్య కళ్ళొత్తుకుంది. ఆపైన పట్టుచీర మీద లావుపాటి కోటు, కాళ్ళకి మంచు బూట్లు వేసుకుని, పూల పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్న అనికను పక్కన కూచోబెట్టుకుని కారు తీసింది.

హాలు కిక్కిరిసి ఉంది. అయ్యవారు మైకులో గోదాదేవి కథ చెబుతున్నారు. దేవుడి కోసం కట్టిన దండని ఆ పిల్ల ముందు తను వేసుకుని చూసుకుందట, తండ్రి కోప్పడ్డాడట, దేవుడేమో ఆ పిల్ల వేసుకున్న దండే తనకి కావాలన్నాడట. ఏటా ఆ ఘట్టం దగ్గర అందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఈసారి కూడా తుడుచుకున్నారు. తుడుచుకున్న ఆ కళ్ళతోనే తలుపు దగ్గర పళ్ళెంతో నిలబడ్డ విద్యను, ఆమె తలలో పూలను చూసి మొహాలు తిప్పుకున్నారు.

పళ్ళాలవాళ్ళు వరస కట్టారు. విద్య వెళ్ళి చివర నిలబడింది. ముందున్న ఆవిడ కొంగు దగ్గరికి లాక్కుని అరడుగు ముందుకి జరిగింది. వరస మొదట్లో చీర పళ్ళెం పట్టుకున్న వసంతలక్ష్మి, దాన్ని పక్కావిడకిచ్చి చరచరా వెనక్కొచ్చింది. నవ్వుతూనే పూల పళ్ళెం అంచు పట్టుకుంది.

"అనికకి ఇవ్వమ్మా," అంది పళ్ళ బిగువున.

విద్య వదల్లేదు. వసంతలక్ష్మి లాగింది. విద్య ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇద్దరి మధ్యా పళ్ళెం ఊగింది, రెండు పూలు తెగి కిందపడ్డాయి. ఇంతలో స్పీకర్లలో నాదస్వరం మొదలైంది. అయ్యవారు "రండమ్మా, రండి" అని పిలిచారు. అందరూ చూస్తున్నారు. చెయ్యి తీసేసి, ముందుకు వెళ్ళి చీర పళ్ళెం అందుకోక వసంతలక్ష్మికి తప్పలేదు.

వరస కదిలింది. కుర్చీల పక్క నుంచి నడుస్తుంటే విద్యకు గుసగుసలు వినపడుతూనే ఉన్నాయి. తల దించకుండా నడిచింది. ఆఖరి వరసలో, హీటర్ పక్కన, చివరి కుర్చీలో మాణిక్యమ్మ కూచుని ఉంది. లేత గోధుమరంగు నేతచీర మీద స్వెట్టరు, తలకి ఉన్ని టోపీ. మోకాళ్ళ మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఎవరికీ అడ్డు రాకుండా ఒదిగి ఉంది.

విద్య వరసలోంచి పక్కకి తప్పుకుంది. పళ్ళెం అనికకి పట్టుకోమని ఇచ్చి, అందులోంచి ఒక మూర మాల తీసి, ముసలావిడ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూచుంది.

"అమ్మవారికి ఇవ్వకుండానే!" అన్నారెవరో వెనక నుంచి.

"అమ్మగారూ," అంది విద్య. "రెండేళ్ళ కిందట మీకు ఇవ్వాల్సినవి. తప్పు చేశాను. తీసుకోండి."

వరస మొదట్లో వసంతలక్ష్మి చీర పళ్ళెంతో ఆగిపోయి వెనక్కి చూస్తోంది. మాణిక్యమ్మ పూలను చూసింది. దూరంగా నిలబడ్డ కూతురిని చూసింది. కదల్లేదు. ఈవిడ గనక ఇప్పుడు తల అడ్డంగా ఊపితే వసంతక్క మాటే నిజమవుతుంది. ఇంతమంది ఎదుట ముసలిప్రాణాన్ని అల్లరి పెట్టినదాన్నవుతాను, అనుకుంది విద్య. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు.

మాణిక్యమ్మ నెమ్మదిగా చేతులు పైకెత్తి ఉన్ని టోపీ తీసేసింది. కూతురి వైపు నుంచి చూపు తిప్పుకుని, చిన్నపిల్లలా మెడ వంచి, వక్కంత కొప్పు విద్యకు అందేలా పక్కకి తిరిగింది.

"జుట్టు పల్చబడిందమ్మా," అంది. "గట్టిగా పెట్టు, జారిపోతాయి."